అన్ని వెదర్ మోడల్స్ ఒకటైపోతాయా?

విశాఖ మెటియరాలజీ స్టూడెంట్:
తుఫాను వచ్చిన ప్రతిసారీ విండీ యాప్ తెరుస్తా, అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్ మోడల్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఒంగోలు వైపు చూపిస్తే యూరోపియన్ మోడల్ కాకినాడ వైపు చూపిస్తుంది, అమ్మ "ఇంతకీ మనకేనా రా?" అంటే ఏం చెప్పాలో తెలీదు. అమెరికాలో యూనిఫైడ్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని చేస్తున్నారు కదా, అంటే ముందుముందు ఒకటే మోడల్ మిగులుతుందా? ప్రాజెక్ట్ దాని మీదే చేద్దామని ఉంది.

మోడల్ కోడ్ రాసేవాణ్ణి (కొలరాడో):
ఒకటి చేసేది కోడ్‌ని తమ్ముడూ, జవాబుని కాదు. ఇదివరకు గ్లోబల్‌కి ఒక కోడ్, హరికేన్‌కి ఇంకోటి, ఒకచోట మేఘాల స్కీమ్, అంటే మేఘాల్ని లెక్కగట్టే కోడ్ ముక్క, బాగుచేస్తే రెండోచోట మళ్ళీ మొదట్నుంచీ పని. 2019 జూన్‌లో జీఎఫ్ఎస్‌కి ఎఫ్‌వీ3 కోర్ (గాలి కదలికల్ని లెక్కగట్టే భాగం) పెట్టారు, 2023లో వచ్చిన హరికేన్ మోడల్ హాఫ్స్‌కీ అదే కోర్. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది సీసీపీపీ, అంటే మేఘాలు, రేడియేషన్ లాంటి ఫిజిక్స్ స్కీముల్ని వేర్వేరు మోడల్స్‌కి అతికించుకునే ఉమ్మడి ప్యాకేజీ. అది లేనప్పుడు నేను ఒక రేడియేషన్ (ఎండ, వేడి లెక్క) స్కీమ్ అతికించడానికి నెలలు పోగొట్టుకున్నా, ఒకదాంట్లో ప్రెషర్ పాస్కల్స్‌లో, ఇంకోదాంట్లో మిల్లీబార్లలో, గాలి పొరల్ని (లెవెల్స్) ఒకటి కిందనుంచి పైకి లెక్కపెడితే ఇంకోటి పైనుంచి కిందకి. ఇప్పుడు ప్రతి స్కీమ్ తనకి కావాల్సిన వేరియబుల్ స్టాండర్డ్ పేరు, యూనిట్ మెటాడేటా ఫైల్లో (వివరాలు రాసిపెట్టే ఫైల్) చెప్పాలి, అమెరికా నేవీ నెప్ట్యూన్ మోడల్ కూడా ఇదే వాడుతోంది.

ఫోర్‌కాస్ట్ డెస్క్ నుంచి:
ఒక్క మోడలే మిగిలితే నాకు భయం అండి. నువ్వు చెప్పిన రెండు మోడల్స్ చూపించే తుఫాను దారుల మధ్య ఎంత దూరం ఉందో చూసే మేం ఎంత నమ్మాలో తేల్చుకుంటాం, అందరూ ఒకే ఫిజిక్స్ వాడి అందరూ ఒకే పక్కకి తప్పితే పట్టుకునేదెవరు? మన దేశంలోనే జీఎఫ్ఎస్ ఉంది, బ్రిటన్ యూనిఫైడ్ మోడల్ మీద కట్టిన మన మోడల్ ఎన్‌సీయూఎం ఉంది, 2025 మేలో 6 కిలోమీటర్ల గళ్ళతో లెక్కగట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. అన్నీ ఉండనివ్వండి, కాకపోతే ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదాంతో పోల్చడానికి ఫార్మాట్లు మార్చుకుంటూ కూర్చునే బాధ పోవాలి.

రీఎనాలిసిస్ (పాత వాతావరణాన్ని రీడింగులతో మళ్ళీ లెక్కగట్టడం) మీద పనిచేస్తా:
ఏఐ వచ్చాక ఇవన్నీ ఎందుకు అంటారు చాలామంది. యూరప్ వాళ్ళ ఏఐ మోడల్ ఏఐఎఫ్ఎస్ 2025 ఫిబ్రవరిలో ఆపరేషనల్ అయింది, నిజమే, కానీ అది ముఖ్యంగా నేర్చుకుంది ఈఆర్ఏ5 అనే రీఎనాలిసిస్ డేటా మీద, రోజూ మొదలుపెట్టేది కూడా డేటా అసిమిలేషన్ (రీడింగుల్ని మోడల్ లెక్కతో కలిపే పని) ఇచ్చిన స్థితి నుంచే. శాటిలైట్, బెలూన్, బోయా రీడింగులు ఏ మోడల్‌కైనా ఎక్కించేలా జెడై అనే సాఫ్ట్‌వేర్ కడుతున్నారు, ప్రాజెక్ట్ దానిమీద చెయ్యి, కోడ్ ఓపెన్. మొదట అందులో ఉన్న క్యూజీ అనే బొమ్మ మోడల్‌తో (నేర్చుకోడానికి చేసిన చిన్న, సులువైన మోడల్) మొదలుపెట్టు, సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు.

విశాఖ మెటియరాలజీ స్టూడెంట్:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండి అందరికీ. ఈ రాత్రికే దింపుతా. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో కంపైల్ అవుతుందా, ల్యాబ్ మెషీన్ అడగాలా?