డోస్ రిలేటెడ్ ట్రెండ్‌ని తెలుగులో ఏమనాలి?

తార్నాక నుంచి: ఎలుకల మీద చేసే విషప్రభావ పరీక్షల గురించి పత్రికకి వ్యాసం రాస్తున్నానండీ. ‘మోతాదు సంబంధిత ధోరణి’ అని పెడితే, ‘ఎవరి ధోరణే, ఎలుకదా?’ అని మా అక్క ఒకటే నవ్వు. వేరే మాట ఉంటే చెప్పండి.

మల్కాజిగిరి నుంచి: పోకడ అనండి. ఒరవడి మాత్రం వద్దు, అది పలక మీద దిద్దించే రాత.

నల్లకుంట నుంచి (స్టాటిస్టిక్స్ పాఠాలు చెబుతాను): పోకడ అన్నా ధోరణి అన్నా కాలంతో పాటు మారేది గుర్తొస్తుంది. ఇక్కడ కాలంతో పని లేదు. ఒక్కో ఎలుకకి జవాబు గడ్డ (ట్యూమర్) ఉందా, లేదా అంతే. మోతాదు పెంచుతూ పోతే గడ్డలున్న ఎలుకల వాటా కూడా పెరుగుతోందా అన్నది ప్రశ్న. దీనికి వాడే కాక్రన్-ఆర్మిటేజ్ పరీక్ష 1954, 1955ల నాటిది.

ఊరికే ఒక లెక్క అనుకుందాం. నాలుగు గుంపులు, గుంపుకి 50 ఎలుకలు. మందు ఇవ్వని గుంపులో 1, మిగతావాటిలో వరసగా 2, 4, 7 ఎలుకలకి గడ్డలు. మందు ఇవ్వని గుంపుతో ఒక్కోదాన్నీ ఫిషర్ పరీక్షలో పోలిస్తే, 7 ఉన్న గుంపుకి కూడా పి విలువ (మందు ప్రభావం ఏమీ లేకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనపడే అవకాశం; మామూలుగా 0.05 కంటే తక్కువైతేనే తేలినట్టు) 0.059 దగ్గరే ఆగుతుంది. అంటే ఏదీ తేలలేదు. అదే మోతాదులకి 0, 1, 2, 3 అని అంకెలు వేసి నాలుగింటినీ కలిపి కాక్రన్-ఆర్మిటేజ్‌తో చూస్తే 0.013. ఈ పరీక్ష చూసేది ఆ వరసనే. దానికి తెలుగులో ‘కొద్దీ’ ఉండనే ఉంది. నామవాచకం కోసం వెతక్కుండా ‘మోతాదు పెరిగేకొద్దీ గడ్డలూ పెరిగాయా?’ అని రాసేయండి.

మల్కాజిగిరి నుంచి: ‘ఖర్మకొద్దీ’లో అదే కొద్దీ కారణం చెబుతుంది కదండీ. మందు వల్లే అని తేల్చేసినట్టు వినపడదూ?

నల్లకుంట నుంచి: భలే పట్టారు. కానీ ‘పెరిగేకొద్దీ’, ‘చూసేకొద్దీ’ అన్నప్పుడు అది కొలతే. నా బెంగ వేరు. పెద్ద మోతాదు తిన్న ఎలుకలు గడ్డ పుట్టేలోపే చచ్చిపోతే ఆ గుంపులో వాటా తగ్గిపోయి, ఉన్న ట్రెండ్ కూడా కనపడదు. అందుకే పాలీ-3 అనే సవరణ వాడతారు. రెండేళ్ళ పరీక్షలో ఏడాదికే, గడ్డ లేకుండా పోయిన ఎలుక అందులో ఎనిమిదో వంతు (సగం కాలమే కాబట్టి 1/2 × 1/2 × 1/2) ఎలుక కింద లెక్క. వ్యాసంలో ఈ ముక్క వదలకండి.