లంక మకాంకి సోలార్: షాపాయన రాసిచ్చిన సెట్టు తీసుకోవచ్చా?

అరటితోట కుర్రాడు:
నమస్తే అండి. పి.గన్నవరం దగ్గర గోదావరి లంకలో మాకు అరటి తోట ఉంది. నాన్న రాత్రిళ్లు మకాంలోనే పడుకుంటారు. కరెంటు లేదు. ఒక ఫ్యాను, మూడు బల్బులు, ఫోన్ ఛార్జింగ్ చాలు. షాపాయన 335 వాట్ల ప్యానెల్, ప్యానెల్ నుంచి బ్యాటరీని ఛార్జ్ చేసే 20 ఆంపియర్ల పీడబ్ల్యూఎం కంట్రోలర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ లెడ్-యాసిడ్ బ్యాటరీ, 850 వీఏ ఇన్వర్టర్ రాసిచ్చాడు. సరిపోతుందా?

పాత మెకానిక్:
ముందు ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడు తమ్ముడూ. వీఎంపీ, అంటే ప్యానెల్ పూర్తిగా పనిచేసేటప్పటి వోల్టేజీ, 38 వోల్టుల దగ్గర, కరెంటు 9 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. పీడబ్ల్యూఎం ఆ 38ని బ్యాటరీ ఉన్న 13కి లాగేస్తుంది, ఆంపియర్లు మాత్రం అవే 9. 13 తొమ్మిదులు 117. అంటే 335కి డబ్బు కట్టి 117 వాడుకుంటావన్నమాట. ఎంపీపీటీ రకం కంట్రోలర్ అయితే మిగులు వోల్టుల్ని ఆంపియర్లుగా మార్చి మంచి ఎండలో 22, 23 దాకా ఇస్తుంది. 30 ఆంపియర్లది తీసుకో. వీఓసీ, అంటే ఏమీ తగిలించనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజీ, 46 ఉంటే కంట్రోలర్ కనీసం 60 వోల్టులు తట్టుకోవాలి.

పెట్టె మీద ఎంపీపీటీ అని రాసి లోపల పీడబ్ల్యూఎం పెట్టేవాళ్లూ ఉన్నారు. బ్యాటరీ కాస్త దిగి ఉన్నప్పుడు, మిట్టమధ్యాహ్నం, వైరు చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటరు పెట్టు. బ్యాటరీ వైరులో ఆంపియర్లు ప్యానెల్ వైరులో కన్నా బాగా ఎక్కువ రావాలి. రెండూ ఒకటే అయితే వెనక్కిచ్చేయ్.

ఇక బ్యాటరీ. నాదీ లంకే. 2022 జులై వరదకి నా ట్యూబులర్ మకాంలోనే ఉండిపోయింది. యాభై కిలోల పైమాటే, పడవ వాడు తొందరపెడుతున్నాడు, రెండో చెయ్యి వేసేవాడు లేడు. నీళ్లు తీశాక చూస్తే మూతల్లోంచి లోపలికి ఒండ్రు. ఆయ్, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ వాడుతున్నా, పన్నెండు కిలోలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద రెండో హెచ్చరిక, 13.75 అడుగులు అనగానే ప్యానెల్ ఎంసీబీ స్విచ్చి దించి, ఆ తర్వాతే బ్యాటరీ ఊడదీసి, సంచిలో వేసుకుని పడవెక్కేస్తా.

అమలాపురం వైర్‌మ్యాన్:
బాబాయ్, ట్యూబులర్‌ని మరీ తీసిపారేయకండి. వరద రాని ఊళ్లో ధరకి అదే మేలు. లిథియం కొంటే కంట్రోలర్‌లో బ్యాటరీ రకం మార్చాలి, ఈక్వలైజ్ అనే ఎక్కువ వోల్టేజీ ఛార్జింగ్ ఆపేయాలి.

తమ్ముడూ, నీకు ఇన్వర్టర్ ఎందుకు? ఖాళీగా ఆన్‌లో ఉన్నా 15 వాట్లు తింటే రోజుకి 360 వాట్ అవర్లు. 28 వాట్లే తినే బీఎల్‌డీసీ రకం ఫ్యాను పది గంటలు తిరిగినా 280యే. బ్యాటరీ మీద నేరుగా నడిచే 12 వోల్టుల డీసీ ఫ్యాను, డీసీ బల్బులు పెట్టెయ్.

అరటితోట కుర్రాడు:
స్టిక్కర్ చూశానండి. వీఎంపీ 37.9, వీఓసీ 46.2. ఇన్వర్టర్ మానేస్తున్నాం. బ్యాటరీ మోయగలవా అని అడిగితే నాన్న నవ్వారు, అరటి గెల అంతకన్నా బరువట.

పాత మెకానిక్:
మంచిది. టెర్మినల్ బోల్టుకి సరిపడే స్పానర్ గోడ మేకుకి తగిలించి ఉంచు, వరద రోజు వెతకలేం. బ్యాటరీ మీద మాత్రం పెట్టకు, రెండు టెర్మినళ్లకీ తగిలిందంటే నిప్పులే.