పాత పొదుగు పని టేబుల్‌కి ఉప్పుకాగితం పట్టి పీయూ (పాలీయురెథేన్ పూత) కొట్టించొచ్చా?

చెదలమందు:
తాతల నాటి టేబుల్ అండీ, పైన రంగురంగుల చెక్క ముక్కలతో పువ్వులూ తీగలూ పొదిగి ఉన్నాయి, అంచుల్లో ఇత్తడి. మొత్తం నల్లబడింది, గ్లాసులు పెట్టిన చోట తెల్ల రింగులు, ఒక పువ్వు పైకి లేచింది. వడ్రంగేమో మెషీన్‌తో ఉప్పుకాగితం పట్టి పీయూ కొడితే కొత్తదైపోద్ది అంటున్నాడు, నాకే చేతులు రావట్లేదు.

రంపంపొట్టు:
మెషీన్ వద్దు బాబోయ్!! అవి వెనీర్ ముక్కలు, అంటే పైన అతికించిన పల్చటి చెక్క రేకులు, చేత్తో కోసిన పాత వెనీర్ మిల్లీమీటరో రెండో ఉంటది, ఇదివరకే ఎవరైనా అరగదీసుంటే అదీ ఉండదు, రెండు రౌండ్లకి పువ్వు పోయి కింద చెక్క తేలుద్ది. ముందు పూత ఏంటో చూడండి. కనపడని చోట డీనేచర్డ్ స్పిరిట్‌లో తడిపిన దూది కాసేపు ఆనించండి, జిగటగా కరిగితే షెల్లాక్, అంటే లక్క. కరక్కుండా థిన్నర్‌కి లొంగితే నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పూత కావొచ్చు, అది ఫర్నిచర్‌కి బాగా వాడకంలోకొచ్చింది 1920ల్లో. రెండిటికీ కదలకపోతే ఆయిల్ వార్నిషో పీయూనో.

చెదలమందు:
చేశా, దూది అతుక్కుపోయింది, గోధుమ రంగు దిగింది.

మైనంముద్ద:
లక్కే అయితే అదృష్టవంతులు. కొత్త లక్క పూత పాతదాన్ని కాస్త కరిగించుకుని అందులోనే కలిసిపోతుంది, పీయూ అలా కాదు, రేపు తియ్యాలంటే గోకుడే గోకుడు. నలుపులో చాలా భాగం పాత మైనంలో ఇరుక్కున్న దుమ్మే అయ్యుంటుంది, మినరల్ టర్పెంటైన్‌తో తుడవండి, దానికి లక్క కరగదు. తెల్ల రింగులు పూతలో చిక్కిన తేమ, గుడ్డకి స్పిరిట్ తడీ తడవనట్టు పెట్టి ఆగకుండా అలా అలా పోనిస్తే చాలాసార్లు పోతాయి, ఒకేచోట ఆపారో పూతే లేచొస్తుంది. ఆ తర్వాత రేకుల లక్క స్పిరిట్‌లో తాజాగా కలుపుకోండి, ఏడాది కిందటి సీసా వాడితే ఆరదు, వేలిముద్రలు పడుతూనే ఉంటాయి (నా కుర్చీ అడగండి చెప్తుంది).

రంపంపొట్టు:
లేచిన పువ్వు కింద తెల్ల జిగురు పొయ్యకండి. పాతది తోలూ ఎముకలూ ఉడికించి చేసిన జిగురైతే తడీ వేడీ తగిలితే మెత్తబడి మళ్ళీ పట్టుకుంటది. ఇత్తడి లేచినా కంగారొద్దు, తేమకి చెక్క ఉబ్బుద్ది, కుంచించుకుపోద్ది, ఇత్తడి కదలదు కదా. ఫ్రాన్సు రాజు 14వ లూయీ కొలువులో ఇత్తడి, తాబేలు చిప్ప పొదిగిన వడ్రంగి ఆంద్రే షార్ల్ బూల్ రకం సామాన్లకీ ఇదే తలనొప్పి. ఇత్తడి పాలిష్ పేస్ట్ మాత్రం రుద్దొద్దు, సందుల్లో తెల్లగా ఇరుక్కుంటది.

చెదలమందు:
వడ్రంగికి ఫోన్ చేసి వద్దన్నా, అలిగాడు. శనివారం టర్పెంటైన్‌తో ఒక కాలు తుడిచి ఫొటో పెడతా.