వరి చేలో నీళ్లు నిలబెడితే భూమి వేడెక్కుతుందా? మా నాన్నకి ఏం చెప్పాలి

లంక_కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర, నాలుగెకరాల చేను, సార్వా దాళ్వా రెండూ వరే. నేను హైదరాబాద్‌లో జాబ్. సంక్రాంతికి ఇంటికెళ్తే ఊళ్లోకి ఒక కంపెనీ వాళ్లు వచ్చారు, చేలో ఎప్పుడూ నీళ్లు ఉంచకుండా మధ్యమధ్యలో ఆరబెడితే భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాస్ తగ్గుద్ది, కార్బన్ క్రెడిట్ల కింద, అంటే తగ్గించిన గ్యాస్‌కి లెక్కగట్టి, డబ్బులిస్తాం, నీటిమట్టం చూసుకోడానికి ఈ గొట్టాలు పాతుకోండి అన్నారు. మా నాన్నకి కోపం వచ్చేసింది. "కాటన్ దొర ఆనకట్ట కట్టిన కాణ్ణించి ఇక్కడ వరే, మా తాత వేశాడు, ఆయన తాత వేశాడు, అప్పుడు వేడెక్కని భూమి ఇప్పుడు నా చేను వల్ల వేడెక్కిందా, కార్లోళ్లని ఫ్యాక్టరీలోళ్లని వదిలేసి రైతు మీద పడ్డారా" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉందనే అనిపించింది, కానీ ఎండలు మునుపటిలా లేవని రోజూ అనేది కూడా ఆయనే. నిజంగా వరి నుంచి మీథేన్ వస్తుందా, ఎంత వస్తుంది, ఆరబెడితే దిగుబడి పోదా? తెలిసినవాళ్లు చెప్పండి, సరిగ్గా చెప్తే ఆయన వింటారు.

బురదకాళ్లు:
వస్తుందండి. నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేశాను, నేలల సబ్జెక్టు మీద ఇష్టం. దమ్ము చేసి ఊడ్చాక కొన్నాళ్లకి చేలోకి దిగితే కాలు పెట్టిన చోట బుడగలు లేస్తాయి చూశారా, వాటిలో మీథేన్ ఉంటుంది. నీళ్లు నిలబడితే మట్టిలోకి గాలి దిగదు, గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు పాత దుబ్బుల్ని, గడ్డిని, పచ్చిరొట్టని కుళ్లబెట్టి మీథేన్ తయారుచేస్తాయి. అయితే ఎక్కువ భాగం బుడగల్లో రాదు, వరి మొక్కకి వేరు దాకా గాలి దింపుకోడానికి లోపల సన్నటి ఖాళీలు ఉంటాయి, ఆ దారినే పైకి వచ్చేస్తుంది.

ఎంత అంటే, ప్రపంచంలో మనుషుల పనుల వల్ల వచ్చే మీథేన్‌లో వరి వాటా సుమారు 8 నుంచి 10 శాతం. పశువులది దీనికి మూడు రెట్లు, బొగ్గు గనులు, చమురు, గ్యాస్ బావుల లీకులు కూడా అలాగే. అంటే చిన్నదేం కాదు, అలాగని మొదటి ముద్దాయీ కాదు.

ఇంకోటి, మీ నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ వాళ్లు మన దేశ వరి పొలాల నుంచి ఏడాదికి దాదాపు 3.8 కోట్ల టన్నుల మీథేన్ వస్తుందని లెక్క కట్టారు. అప్పుడు మన నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ నుంచి ఏ.పి.మిత్రా గారు ముందు నిలబడి 1991లో దేశమంతా పొలాల్లో డబ్బాలు బోర్లించి గ్యాస్ పట్టి కొలిపించారు, తేలింది 40 లక్షల టన్నులే. ఎక్కడివో చేల లెక్కలు తెచ్చి మన చేలకి అంటించడం వల్ల వచ్చిన తేడా అది. రైతు మీద పడుతున్నారన్న కోపం ఊరికే పుట్టలేదు, కానీ ఆ 40 లక్షలు మాత్రం మనం కొలుచుకున్న నిజమే.

నల్లబంగారం_ఊరు:
మాది గోదావరిఖని అన్నా, మా ఇంట్ల అందరం బొగ్గు మీదనే బతికినం, అందుకే ఈ మాట నాకు మస్తు దగ్గర. మీ నాయన అడిగింది మంచి ప్రశ్న, తాత వరికీ ఇప్పటి బొగ్గుకీ తేడా ఏందంటే మీథేన్ గాలిల పది పన్నెండేండ్లకు విరిగిపోతది, ఎన్ని ఎకరాలు వేసేటోళ్లో అన్నే వేస్తే గాలిల ఉండేది పెద్దగ పెరగదు, కానీ కాలువలొచ్చి బోర్లొచ్చి ఒక్క పంట రెండు పంటలైనయ్, పశువులు పెరిగినయ్, గ్యాస్ బావులొచ్చినయ్, అందుకే మునుపు గాలిల మీథేన్ వంద కోట్ల పాళ్లల్ల 700 దగ్గర ఉండేది ఇయ్యాల 1,900 దాటింది. బొగ్గు కథ వేరే. కోట్ల ఏండ్ల కింద భూమిల పడ్డ చెట్ల కార్బన్‌ని తవ్వి కాలిస్తే అది వందల ఏండ్లు గాలిల కుప్ప పడుతది. ఏటా ప్రపంచం బొగ్గు, పెట్రోలు, గ్యాస్ కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడ్ 3,700 కోట్ల టన్నుల దాకా ఉంటది. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958ల కొలుసుడు మొదలువెట్టినప్పుడు పది లక్షల పాళ్లల్ల 315, ఇప్పుడు 420 దాటింది.

అది మనుషులదే అని ఎట్ల తెలుసు అంటరు కొందరు. కార్బన్-14 అని కాలంతోని మెల్లగ తరిగిపోయే ఒక రకం కార్బన్ ఉంటది, పాత బొగ్గుల అది అసలుండదు, ఎప్పుడో తరిగిపోయి ఉంటది. గాలిల కార్బన్-14 పాలు పల్చబడుడు 1950లల్లనే పట్టుకున్నరు, అంటే వచ్చి కలుస్తున్నది పాత కార్బనే.

తలకొక లెక్క చూస్తే కూడా మీ నాయనదే న్యాయం, అమెరికాల మనిషికి ఏడాదికి 14 టన్నుల దాకా, మన దగ్గర 2 టన్నుల చిల్లర. కానీ మన కరెంటుల 70 శాతం కంటే ఎక్కువ బొగ్గుదే, బోరు మోటరు నడిచేది కూడా దాంతోనే, గది మర్చిపోవద్దు.

తడిపొడి:
నల్గొండ జిల్లా, బోరు కింద మూడెకరాలు, రెండు యాసంగులు ఆరబెట్టి చేసిన. మొదటిసారి భయమైంది, నెర్రెలు పడితే పైరు పోతదనుకున్న. పోలే. దిగుబడి ఎప్పటిలెక్కనే వచ్చింది, తడులు తగ్గినయ్, మోటరు తక్కువ నడిచింది. ఒక్కటి మాత్రం జాగ్రత్త, పూత టైంల ఆరబెడితే తాలు వస్తది. కలుపు కూడా కొంచెం ఎక్కువైంది, అది దాచిపెట్టి చెప్పుడు మంచిగ కాదు. కంపెనీ అగ్రిమెంటు మాత్రం తెలుగుల రాపిచ్చుకొని చదవండి, ఎన్నేండ్లకో, పైసలు ఎప్పుడిస్తరో సూసుకోండి.

లంక_కుర్రోడు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. రాత్రి ఫోన్‌లో నాన్నకి మొత్తం చదివి వినిపించాను, 40 లక్షల టన్నుల సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత ఆయన అడిగింది ఒకటే, "బోరు వాళ్లకి సరే, మనకి పై చేలోంచి కింది చేలోకి కదా నీళ్లు దిగేది, నేను ఆపితే కింద వాడికి ఎలా, పైవాడు వదిలితే నా చేను ఎలా ఆరుద్ది?" దీనికి నా దగ్గర జవాబు లేదు.

బురదకాళ్లు:
డెల్టాలో అసలు చిక్కు అదేనండి, ఆయన సరిగ్గా పట్టుకున్నారు. ఒక్క రైతు చేతిలో లేదు, ఒక బోదె (పిల్లకాలవ) కింద వాళ్లందరూ కలిసి ఒప్పుకోవాలి, మురుగు కాలవలు పూడిపోకుండా ఉండాలి. దాళ్వాలో ఎలాగూ వంతులవారీగా నీళ్లిస్తారు కాబట్టి ఆ వంతుల మధ్య ఆరే రోజుల్నే వాడుకోవచ్చు. బోదె చివరన ఒక మడి ఉంటే ముందు దాంట్లో చూడమనండి.

లంక_కుర్రోడు:
మురుగు కాలవ పక్కన నలభై సెంట్ల ముక్క ఉందండి, కింద ఇంకెవరి చేనూ లేదు. దాంట్లో అయితే సరే అన్నారు. గొట్టం కంపెనీ వాళ్లదే పెట్టాలా, మనమే చేసుకోవచ్చా?

తడిపొడి:
మనమే చేసుకోవచ్చు. అడుగు పొడవు పీవీసీ ముక్క, కొంచెం లావుది, నీళ్ల బాటిల్ పట్టేంత. కింది సగానికి చుట్టూ బెజ్జాలు వెయ్యాలె. ఆ సగం మట్టిలకు దించి లోపలి మట్టి మొత్తం తీసెయ్యాలె. నాటేసిన రెండు వారాల తర్వాత మొదలువెట్టు. లోపల నీళ్లు మట్టి కంటే అరడుగు కిందికి పోయినప్పుడు మళ్లా రెండంగుళాల నీళ్లు పెట్టు. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీళ్లు తియ్యొద్దు. యూరియా ఆరిన నేల మీద చల్లి ఎమ్మటే నీళ్లు పెట్టు, చల్లి వదిలేస్తే సగం గాలికి పోతది.