‘సృష్టి’ అన్నంత మాత్రాన సృష్టికర్తను ఒప్పుకున్నట్టేనా?

అడిగినవాడు:
గుంపులో పెద్దలకు నమస్కారం. ఒక వాదం ఆడియో విని అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టే పని నెత్తికెత్తుకున్నాను. ఒకాయన ఆస్తికుడు, ఒకాయన నాస్తికుడు. విషయం పాతదే: ఈ లోకం ఎక్కడి నుంచి వచ్చింది? ముప్పావు గంట మర్యాదగానే నడిచింది. తర్వాత నాస్తికుడు గారు ఊపులో ఉండి "ఈ సృష్టిని ఎవరూ చెయ్యలేదండీ" అనేశారు. అవతలాయన దీనికోసమే కాచుక్కూర్చున్నట్టు పట్టేసుకున్నారు. "సృష్టి అని మీ నోటితో మీరే అన్నారు. సృష్టి అంటేనే ఒకరు చేసినది. ఇంకేం వాదిస్తారు?" చప్పట్లు. ఈయన తడబడి "సరే, సృష్టి కాదు, ప్రకృతి" అన్నారు. "ప్ర-కృతి! అందులో ఉన్నదీ కృ ధాతువే, చెయ్యడమే!" మళ్లీ చప్పట్లు. ఆ తర్వాత పది నిమిషాలు ఈయన ఏ మాట ముట్టుకోవాలన్నా టెన్షన్ పడినట్టే వినిపిస్తోంది. ఒకచోట "ఈ... ఇది... ఇదంతా" అని ఆగిపోయారు.

దేవుడి సంగతి కాసేపు పక్కన పెట్టండి. భాష లెక్క ప్రకారం ఆ చప్పట్లు న్యాయమేనా?

తెలుగు మాస్టారు:
కాదు నాయనా. సూర్యోదయం అన్నవాణ్ణి పట్టుకుని "అయితే సూర్యుడే లేచి వస్తున్నాడని ఒప్పుకున్నావు" అంటే ఎలా ఉంటుంది? మాట పుట్టినప్పటి అర్థం ఒకటి, వాడుకలో నిలిచినది ఒకటి. వ్యుత్పత్తితో వాదం గెలిచేట్టయితే నిఘంటువు కొనుక్కున్న ప్రతివాడూ తత్త్వవేత్తే.

సరే, ఆయన వ్యుత్పత్తే కావాలన్నారు కాబట్టి అదే చూద్దాం. సృష్టి వచ్చింది ‘సృజ్’ అనే ధాతువు (క్రియకు మూలరూపం) నుంచి. సంస్కృత ధాతువుల పట్టిక అయిన పాణినీయ ధాతుపాఠం దీనికి చెప్పిన అర్థం "సృజ విసర్గే". అంటే వదలడం, విడిచిపెట్టడం, బయటికి పోనివ్వడం. చెయ్యడం కాదు, తయారు చెయ్యడం అంతకన్నా కాదు. దీని చుట్టాలను చూడు. విసర్జన ఇదే ధాతువు. అక్షరం పక్కన రెండు సున్నాలు పెట్టి ఊపిరి వదులుతామే, ఆ విసర్గ ఇదే ధాతువు. కావ్యంలో సర్గ ఇదే. అన్నిటికన్నా తమాషా ‘నిసర్గం’. అంటే స్వభావం, తనంతట తనకున్నది. బడిలో భూగోళం పాఠంలో ‘నైసర్గిక స్వరూపం’ అని కొండలూ పీఠభూములూ వల్లెవేశావు కదా, అందులో ఉన్నదీ సృజే. దేవుడి పని అని చెప్పే మాటా, ఎవరి పనీ కాదు సహజం అని చెప్పే మాటా ఒకే ఇంటి బిడ్డలు. ఆ నాస్తికుడు గారు "సృష్టి కాదు, నైసర్గికం" అని ఉంటే చప్పట్లు ఎటు పడేవో!

ఇక ప్రకృతి. ‘కృ’ ఉన్నమాట నిజమే, కానీ ఆ పేరు చేయబడినదానికి కాదు, చేసేదానికి. ప్రకరోతి కాబట్టి ప్రకృతి. సాంఖ్య దర్శనపు గ్రంథం సాంఖ్యకారికలో మూడో శ్లోకం "మూలప్రకృతి రవికృతిః" అనే మొదలవుతుంది. మూలప్రకృతి దేని నుంచీ పుట్టిన వికారం కాదు అని. మనం బడిలో ప్రకృతి-వికృతి అని బట్టీ పట్టామా లేదా? ఆకాశం ప్రకృతి, ఆకసం వికృతి. ఏది దేన్నుంచి వచ్చింది? ఆ రెండో చప్పట్లు అచ్చంగా తప్పు.

హేతువాది:
మాస్టారూ, దండం. ఇది పదేళ్ల ముందు తెలిసి ఉంటే నాలుగు సభల్లో పరువు దక్కేది.

భాగవతం చదువుకునే ఆవిడ:
అంత సంబరపడకండి బాబూ. వదలడం అన్నా, వదిలేవాడు ఒకడుండాలిగా?

తెలుగు మాస్టారు:
ఉండాలమ్మా, ధాతువు సకర్మకమే. కానీ ఎలాంటివాడన్నది చూడాలి. ముండకోపనిషత్తులో ఈ క్రియాపదమే వాడారు: "యథోర్ణనాభిః సృజతే గృహ్ణతే చ". ఊర్ణనాభి అంటే సాలెపురుగు. దారాన్ని వదులుతుంది, మళ్లీ లోపలికి తీసుకుంటుంది. దారం బయటి నుంచి తెచ్చుకోదు, దాని ఒంట్లోదే. సృజ్ అన్నమాటకు సొంత బొమ్మ ఇది. వాదాల్లో మనం ఎప్పుడూ వినే బొమ్మ వేరు, కుండా కుమ్మరీ. అది నైయాయికులది, అంటే న్యాయ దర్శనం వాళ్లది. వాళ్లలో ఉదయనుడు న్యాయకుసుమాంజలి అనే గ్రంథంలో ఈశ్వరుణ్ణి సాధించడానికి మొదట పట్టుకున్న హేతువు కార్యత్వం, అంటే చేయబడినది కావడం. కుండ కార్యం, దానికి కర్త ఉన్నాడు. లోకమూ కార్యమే, దానికీ కర్త ఉండాలి. ఇందులో కుమ్మరి వేరు, మట్టి వేరు. కుమ్మరి నిమిత్త కారణం, మట్టి ఉపాదాన కారణం. సాలెపురుగు దగ్గర ఆ రెండూ ఒకటే.

"సృష్టి అంటేనే ఒకరు చేసినది" అన్న పెద్దమనిషి నోటిలో ఉన్నది సాలెపురుగు మాట, బుర్రలో ఉన్నది కుమ్మరి.

అనువాదకురాలు:
ఒక చేర్పు. తెలుగులో సృష్టికి ‘ఏమీ లేనిచోట తయారు చెయ్యడం’ అన్న రంగు అంటడంలో బైబిలు అనువాదానికీ వాటా ఉందనుకుంటాను. "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అన్న వాక్యం చర్చికి వెళ్లనివాళ్లకూ తెలుసు. ఖురాన్‌లోనైతే మాట ‘కున్’. "అవు" అంటాడు, అవుతుంది. అక్కడ చెయ్యడం లేదు, వదలడమూ లేదు, అవ్వడమే. మూడు వేర్వేరు బొమ్మల్నీ మనం సృష్టి అనే ఒక్క సంచీలో వేసి కుదిపేస్తున్నాం.

‘శూన్యం’ దగ్గర ఇంకా చిక్కు. "శూన్యం నుంచి ఏదైనా పుడుతుందా?" అని ఒకరు, "పుడుతుంది, భౌతికశాస్త్రం చెప్పింది" అని ఇంకొకరు. శూన్యం మనకు ఖాళీ చోటు కూడా, సున్నా కూడా. ‘ఏమీ లేకపోవడం’ అన్నదానికి తెలుగు వాడుకలో ఒక్క పేరుమాట లేదు చూడండి. ‘ఏమీ లేదు’ అన్నామంటే అది వాక్యమే. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ 1714లో అడిగిన ప్రశ్నను నేను తెలుగు చెయ్యాల్సి వచ్చింది. "ఏమీ లేకుండా ఉండక, ఏదో ఒకటి ఎందుకుంది?" అని రాశాను. చదివినవాళ్లు "అదేం ప్రశ్న?" అన్నారు. పేరు లేనిదాని గురించి అడిగితే మనవాళ్లకు ప్రశ్నలా తోచలేదు. అది లోటో, తెలివో నాకిప్పటికీ తేలలేదు.

ఫిజిక్స్ టీచర్:
మా వైపు నుంచి ఒక గోడు. బిగ్ బ్యాంగ్‌కు తెలుగులో ‘మహా విస్ఫోటం’ అన్న మాట ఎవరు ఖాయం చేశారోగానీ, పిల్లలు అది వినగానే చీకట్లో ఒక బాంబు పేలిన బొమ్మ గీస్తారు. పేలడానికి ముందు చోటుంది, చీకటుంది, బాంబుంది, వెంటనే "మరి బాంబు ఎవరు పెట్టారు మేడం?" పెట్టింది ఆ మాటే! సిద్ధాంతం చెప్పేది వేరు. 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉంది, అప్పటి నుంచి చోటే సాగుతోంది అని. అంతకుముందు ‘ఏమీ లేదు’ అని అది చెప్పదు.

ఇంగ్లిష్‌లో ఆ పేరు వచ్చిన కథా తమాషానే. విశ్వం సాగుతోందని 1927లో రాసి, 1931లో దాన్ని ఒక ఆదిమ పరమాణువు దాకా వెనక్కి లాగిన లెమైత్ర్ బెల్జియం దేశపు కాథలిక్ పాదిరి. దానికి బిగ్ బ్యాంగ్ అని 1949లో బీబీసీ రేడియోలో పేరు పెట్టిన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ నాస్తికుడు, పైగా ఆ సిద్ధాంతం గిట్టనివాడు. విశ్వానికి మొదలూ తుదీ లేవు అన్నది ఆయన పక్షం. 1951లో పోప్ ఈ కొత్త విజ్ఞానం సృష్టికి సాక్ష్యం అన్నట్టు మాట్లాడితే ఇబ్బంది పడింది మళ్లీ ఆ పాదిరిగారే. తన లెక్కల్ని మతానికి రుజువుగా వాడటం ఆయనకు నచ్చలేదు.

హేతువాది:
అదే నేననేదీ. ఎవరు ఎటున్నారో చొక్కా చూసి చెప్పలేం. మన దగ్గర వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు లేరూ? వేదం ప్రమాణం అంటారు, కాబట్టి ఆస్తికులు. లోకాన్ని చేసిన ఈశ్వరుడున్నాడంటే మాత్రం వాళ్లలో పెద్దవాడైన కుమారిలభట్టు ఒప్పుకోడు. "న కదాచిదనీదృశం జగత్" అన్నది వాళ్ల మాట. లోకం ఇలా లేని రోజంటూ ఎప్పుడూ లేదు. 1948లో బీబీసీ రేడియోలో కోప్ల్‌స్టన్ అనే జెస్యూట్ పాదిరితో వాదిస్తూ బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ తేల్చిందీ దాదాపు అదే: విశ్వం ఉంది, అంతే. వేదం నమ్మే మీమాంసకుడూ, ఏదీ నమ్మని రస్సెలూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

అందుకే నన్నెవరైనా నాస్తికుడంటే సరిదిద్దుతాను. మనుస్మృతి లెక్కలో "నాస్తికో వేదనిందకః", వేదాన్ని నిందించేవాడే నాస్తికుడు. దేవుడి ఊసే లేదక్కడ. నిరీశ్వరవాది అనండి, సరిపోతుంది.

భాగవతం చదువుకునే ఆవిడ:
మీరంతా సంస్కృతం మీద పడ్డారు. తెలుగు సంగతి అడుగుతా. గజేంద్రుడి పద్యం చిన్నప్పటి నుంచీ నోట్లో ఆడుతోంది. "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై యెవ్వనియందు డిందు". ఇందులో పోతన ‘సృజించు’ అనలేదు, ‘జనించు’ అన్నాడు. ‘చే’ పెట్టాడు కాబట్టి ఎవరో చేసినట్టు ఉంది. క్రియ చూస్తే తనే పుట్టినట్టు ఉంది. ఏది అనుకోవాలి మాస్టారూ?

తెలుగు మాస్టారు:
అమ్మా, ఈ చర్చ అంతటికీ విలువైన ప్రశ్న మీదే. నిదానంగా చూద్దాం.

తెలుగులో క్రియలకు జంటలున్నాయి. పుట్టు-పుట్టించు, కలుగు-కలిగించు. ‘పుట్టింది’ అంటే కర్త లోకమే. ‘పుట్టించాడు’ అంటే కర్త ఇంకొకడు. వాదంలో కూర్చున్నవాడు నోరు తెరవగానే ఈ రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. "లోకం ఎలా పుట్టింది?" అని అడిగినవాడు సగం దారి ఒకవైపు నడిచేశాడు, "ఎవరు పుట్టించారు?" అన్నవాడు సగం దారి ఇంకోవైపు. మిగతా రెండు గంటలూ ఆ సగం కోసమే కొట్టుకుంటారు.

పోతన ఈ రెండూ కాకుండా మూడోది చేశాడు. ‘జనించు’ అకర్మకం, అంటే ‘దేన్ని?’ అన్న ప్రశ్న పడని క్రియ, ‘పుట్టు’ లాంటిదే. దానికి తృతీయా విభక్తి ‘చే’ తగిలించాడు. అకర్మక క్రియ పక్కన ‘చే, చేత’ వచ్చినప్పుడు అది కర్తను కాదు, హేతువును చెబుతుంది. "జ్వరంచేత బడికి రాలేదు" అంటే రాకపోవడం జ్వరం చేసిన పని కాదు, జ్వరం కారణం. కాబట్టి ‘ఎవ్వనిచే జనించు’ అంటే ఎవరు కారణంగా పుడుతుందో అని. అందుకేనేమో వెంటనే "మూలకారణం బెవ్వడు" అన్నాడు, కర్త ఎవ్వడు అనలేదు. సంస్కృత మూలంలో కూడా వ్యాసుడు "యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయం" అని సప్తమి, పంచమి, తృతీయ, ప్రథమ వరుసగా తిప్పాడు. ఎవరిలో, ఎవరి నుంచి, ఎవరిచేత, ఎవరే ఇదంతా. పోతన చివరిదాన్ని "సర్వము దాన యైనవాడు" అన్నాడు. చేసినవాడూ చేయబడినదీ ఒకటే అయ్యాక ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు వ్యాకరణంలోనే చోటు తగ్గిపోతుంది. ఇది నా చదువు, ఒప్పుకోనివాళ్లు పోట్లాడవచ్చు.

భాగవతం చదువుకునే ఆవిడ:
పోట్లాడను. కానీ అదే ఏనుగు కాసేపటికే "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. మొసలి నోట్లో కాలు పెట్టుకుని! నేను చదివేటప్పుడు అక్కడ గొంతు తగ్గిస్తాను. ఎందుకో తెలీదు.

హేతువాది:
నేను గట్టిగా చదువుతానండీ అక్కడ.

అనువాదకురాలు:
ఇద్దరూ ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం కూడా చూడండి. "ఇయం విసృష్టిర్యత ఆబభూవ యది వా దధే యది వా న". అక్కడి మాట విసృష్టి, మాస్టారు చెప్పిన ధాతువే. దాని పక్కన రెండు క్రియలు పెట్టాడు ఋషి. ఆబభూవ అంటే తనంతట అయింది, దధే అంటే పెట్టాడు, నిలిపాడు. ధాత, విధాత వచ్చిన ధాతువది. "ఇది ఎక్కడి నుంచి అయిందో, ఆయన నిలిపాడో, నిలపలేదో". ఆ తర్వాతి వాక్యం, పైనుంచి చూసేవాడికి తెలుసేమో, "యది వా న వేద", ఆయనకీ తెలియదేమో! అంటే ‘సృష్టి’ అని నోటితో అంటూనే సృష్టికర్త ఉన్నాడో లేడో అని అనుమానపడ్డ మనిషి ఋగ్వేదంలోనే ఉన్నాడు. ఆ సభలో ఉన్నట్టయితే ఆయన్నీ చప్పట్లతో కూర్చోబెట్టేవారు కాబోలు.

అడిగినవాడు:
అందరికీ కృతజ్ఞతలు. నేనడిగింది చారెడు, వచ్చింది బస్తా. అసలు పని మిగిలే ఉంది. ఆ "ఈ... ఇది... ఇదంతా" అన్నచోట ఏం రాయను? ‘ప్రపంచం’ అని నింపేద్దామా?

తెలుగు మాస్టారు:
నింపకు. మాట కోసం వెతుక్కున్న చప్పుడు కూడా వాదంలో భాగమే. చుక్కలు చుక్కలుగానే ఉంచు. వ్యాసుడు మాత్రం ఏమన్నాడు? నాలుగు విభక్తులు తిప్పి, లోకాన్ని ‘ఇదం’ అన్నాడు. ఇది అని. నీ నాస్తికుడు గారు తెలియకుండానే సరైన మాట పట్టుకున్నారు.

ఫిజిక్స్ టీచర్:
మరి చప్పట్లు?

అడిగినవాడు:
కుండలీకరణాల్లో ‘చప్పట్లు’ అని రెండుసార్లూ రాశానండీ. పడ్డాయిగా మరి.