మొదటి స్నోబోర్డ్ జాకెట్: షెల్లా, ఇన్సులేటెడా?

కొత్తబోర్డు:
సియాటెల్‌లో ఉంటాం. ఈ చలికాలం స్నోక్వాల్మీలో స్నోబోర్డింగ్ క్లాసులు మొదలుపెట్టాను. ఇంతవరకు ఫ్రెండ్ జాకెట్‌తో నెట్టుకొచ్చాను, ఇక సొంతది కొనాలి. బడ్జెట్ 200 డాలర్లు. ఒకడు షెల్ కొనమంటాడు, అంటే లోపల ఏ దళసరి పొరా లేని వాటర్‌ప్రూఫ్ జాకెట్. ఇంకొకడు పాలిస్టర్ దట్టించిన ఇన్సులేటెడ్ జాకెట్ అయితే అదొక్కటీ తగిలించుకుని వెళ్లిపోవచ్చంటాడు. ఏది మేలు? నీళ్లు ఎంత ఆపుతుందో చెప్పడానికి 10కె, 20కె అని రాస్తారే, వాటిని ఎంతవరకు నమ్మాలి?

చినుకుల_ఊరు:
స్నోక్వాల్మీ అయితే షెల్లే. ఆ కనుమ ఎత్తు మూడు వేల అడుగులు, అంతే. జనవరిలో కూడా సున్నా డిగ్రీల అటూఇటూ ఉంటుంది, పొద్దున మంచు పడి మధ్యాహ్నానికి వాన అందుకుంటుంది. ఇక్కడి తడి, బరువు మంచుకి కాస్కేడ్ కాంక్రీట్ అన్న పేరు ఊరికే రాలేదు. పైగా కొత్తవాళ్లని చలి కన్నా చెమటే ఎక్కువ ఏడిపిస్తుంది. పడటం, లేవటం, ఒక కాలికి బోర్డు తగిలించుకుని లిఫ్ట్ దాకా ఈడ్చుకెళ్లటం, ఇదే పని. ఇన్సులేటెడ్‌లో ఉడికిపోతుంటే విప్పడానికేం ఉండదు. షెల్ అయితే లోపలి ఫ్లీస్ (స్వెటర్ లాంటి మెత్తటి పొర) తీసి బ్యాగులో పడేస్తారు. మిగతా ఏడాదంతా అదే మీ రెయిన్‌కోటు.

డెన్వర్_బావ:
షెల్ తప్ప గతి లేదన్నట్టు చెప్పే ఈ జవాబు ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నా. షెల్‌కే 200 అయిపోతే, దాని కింద మంచి ఫ్లీస్, మెరినో థర్మల్ ఎవరు కొనిపెడతారు? కొత్తవాడు కదిలేదానికన్నా కూర్చునేదే ఎక్కువ. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగ్ బిగించుకోవడానికి కూర్చోవాలి, లిఫ్ట్‌లో కూర్చోవాలి, పడ్డాక ఎలాగూ కూర్చోవాలి. మా కొలరాడోలో బ్రెకెన్‌రిడ్జ్ రిసార్ట్‌కి కింది బేసే 9,600 అడుగులు. పైన గాలి కొడితే షెల్లూ ఫ్లీసూ కలిపి వేసినా పళ్లు టకటకలాడతాయి.

చినుకుల_ఊరు:
బావగారూ, ఆయన అడిగింది స్నోక్వాల్మీ గురించి. మీ మంచు పొడిగా ఉంటుంది, దులిపితే రాలిపోతుంది. మాది కూర్చున్నచోటే కరిగి బట్టలోకి దిగుతుంది.

డెన్వర్_బావ:
ఆయన వచ్చే ఏడు కొలరాడో వస్తే?

చినుకుల_ఊరు:
ఇంకో పొర వేసుకుంటాడు. మీరు సియాటెల్ వస్తే ఏం విప్పుతారు?

కుట్టు_లెక్క:
అంకెల సంగతి నేను చెప్తా. 10కె అంటే ఆ బట్ట 10,000 మిల్లీమీటర్ల, అంటే పది మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకుందని. రెండో అంకె ఉంటే, చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది. ఈ ఆవిరి పరీక్ష అందరూ ఒకే పద్ధతిలో చేయరు, కాబట్టి రెండు బ్రాండ్ల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చలేం. అయినా ఆ అంకెలు బట్టవి, జాకెట్‌వి కావు. నీళ్లు ముందు కుట్లలోంచి, జిప్పుల్లోంచి వస్తాయి. ఫుల్లీ టేప్డ్ అని ఉంటే అన్ని కుట్లకూ లోపల టేపు వేసినట్టు. క్రిటికల్లీ టేప్డ్ అంటే భుజాలు, హుడ్ లాంటి చోట్ల మాత్రమే. మీ వానకి అన్ని కుట్లకూ టేపున్న 15కె, కొన్నిటికే ఉన్న 20కె కన్నా నయమని నా లెక్క.

గుల్మార్గ్_ప్లాన్:
మధ్యలో దూరుతున్నా. హైదరాబాద్ నుంచి ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాం. టంగ్‌మార్గ్‌లో అద్దెకిచ్చే కోటు చాలదా?

కుట్టు_లెక్క:
ఫోటోలకి చాలు. బోర్డు ఎక్కాలంటే ఆ పొడుగు కోటు కాళ్లకి అడ్డం, నడుము దగ్గర మంచు ఆపే పట్టీ కూడా ఉండదు. అక్కడి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది. అక్కడ మాత్రం డెన్వర్ బావ చెప్పింది వినండి.

పాత_షెల్:
పైపూత మాట ఎవరూ ఎత్తలేదే! కొత్తలో నీళ్లు తామరాకు మీద బొట్లలా జారిపోయేది దానివల్లే. అది అరిగితే పైబట్ట తడిసి ముద్దవుతుంది, చెమట ఆవిరి బయటికి పోదు, లోపల చెమ్మ. జాకెట్ లీకవుతోందని చాలామంది పారేసేది ఇలాంటివే. ఈ పూతల్లో వాడే పీఫాస్ రసాయనాల మీద ఆంక్షలు వచ్చాక (కాలిఫోర్నియాలో బట్టలకి 2025 జనవరి నుంచి) చాలా కంపెనీలు పూత మార్చాయి. కొత్త పూతలు ఒంటి జిడ్డుకి అంతగా ఆగవు, కాబట్టి తరచూ ఉతకాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం వద్దు. లేబుల్ మీద సరేనని ఉంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద తిప్పండి, పూత మళ్లీ తేరుకుంటుంది.

కొత్తబోర్డు:
అందరికీ థ్యాంక్స్. పోయినేడాది మోడల్ షెల్ ఒకటి సేల్‌లో 180కి ఉంది. 15కె, అన్ని కుట్లకూ టేపు, చంకల కింద జిప్పులు. ఫ్లీస్ ఇంట్లో ఉంది. మామూలుగా మీడియం వేసుకుంటా, ఇదీ అదే తీసుకోనా?

డెన్వర్_బావ:
లార్జ్ తీసుకో తమ్ముడూ, కింద పఫర్ (ఉబ్బుగా దట్టించిన జాకెట్) పట్టాలి. కూర్చుని వంగినప్పుడు వీపు బయటపడకూడదు. హెల్మెట్ మీదికి హుడ్ వస్తుందో లేదో షాపులోనే వేసి చూసుకో. ప్యాంటుకి కూడా కాస్త డబ్బు ఉంచుకో, ముందు తడిసేది అదే.

చినుకుల_ఊరు:
ప్యాంటు మాటకి ఒప్పుకుంటా. పఫర్‌కి ససేమిరా.