అన్నయ్య 108లో పనిచేస్తున్నారు, ప్రమాదం తరువాత నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: మా అన్నయ్య 108 అంబులెన్సులో ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు). గత నెల హైవే ప్రమాదంలో ఒక పసిబిడ్డను కాపాడలేకపోయినప్పటి నుంచి, ఇంట్లో ఫోను మోగినా ఉలిక్కిపడుతున్నారు, మా పాపను ఎత్తుకోవడానికి కూడా వెనకాడుతున్నారు. మేము ఎలా తోడుండాలి?

విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి: అమ్మా, ఏం జరిగిందో చెప్పమని పదే పదే అడగవద్దు. స్టేషనుకు తిరిగివచ్చి, మసి పట్టిన హోస్ పైపులను కడిగి ఆరబెడుతూ, ఆ రాత్రి వెంట ఉన్నవారితో మాట్లాడుకున్న నాలుగు మాటలే మాకు ఊరటనిచ్చేవి. ఆ అంబులెన్సు పైలట్‌ను, అంటే డ్రైవరును, ఒకసారి ఇంటికి పిలవండి. నిద్ర కోసమని మొదలయ్యే మద్యం చాలామందిని ముంచింది, జాగ్రత్త.

క్లినికల్ సైకాలజిస్ట్: పెద్దాయన మాట నిజం. ఘటన జరిగిన వెంటనే అంతా చెప్పించే డీబ్రీఫింగ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫార్సు చేయడం లేదు. అయితే నెల దాటినా ఈ లక్షణాలు తగ్గకపోతే అది పీటీఎస్‌డీ, అంటే భయానక ఘటన తరువాత వచ్చే మానసిక సమస్య, కావచ్చు. దానికి ఆ మానసిక గాయాన్ని (ట్రామాను) దృష్టిలో ఉంచుకొని ఆలోచనలను, ప్రవర్తనను మార్చే సీబీటీ, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్ చికిత్సలు బాగా పనిచేస్తాయి. వృత్తిలో భాగంగా ఇటువంటి దృశ్యాలను పదే పదే చూడవలసి రావడం కూడా దీనికి దారితీయవచ్చని మానసిక వ్యాధుల నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎం-5 గ్రంథం గుర్తించింది కనుక, ఇది ఆయన పిరికితనం ఎంతమాత్రమూ కాదు. చనిపోవాలన్న మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందేమోనని ఆయన భయం.

క్లినికల్ సైకాలజిస్ట్: ఆ సంభాషణ గోప్యంగానే ఉంటుంది. మొదటి కాల్ మీరే చేసి, తరువాత ఆయనకు ఫోను ఇవ్వండి.